కూలి, కులం, శ్రీసభ: తెలుగు కతోలిక పీఠాధిపతులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కతోలిక పీఠాధిపతులకు,

1891 మే 15న పదమూడవ లియో పోపు వెలువరించిన ‘రేరుమ్ నోవారుమ్’ విశ్వలేఖలో పేదవాడికి పెట్టే అన్నం గురించి కంటే కూలివాడికి ఇవ్వవలసిన కూలి గురించే ఎక్కువ రాసి ఉంది. యజమాని ఒక రేటు చెప్పి కూలివాడు తలూపినంత మాత్రాన అది న్యాయమైన కూలి అయిపోదని, గతిలేక ఒప్పుకున్నవాడు నిజానికి దౌర్జన్యానికి లొంగినట్టేనని, పొదుపుగా బతికే మనిషికి బతుకు గడిచేంత కూలి ఇవ్వడం ఏ ఒప్పందానికైనా ముందే ఉన్న ధర్మమని ఆ లేఖ తేల్చింది. కార్మికులకు సంఘాలు పెట్టుకునే హక్కు ఉందని ఒప్పుకుంది. సోషలిజాన్ని అదే లేఖ గట్టిగా ఖండించింది కూడా. సొంత ఆస్తి హక్కును వెనకేసుకొచ్చింది. అయినా ఆనాటి మిల్లు యజమానులకు అది మింగుడుపడని పత్రమే అయింది. 2025 మే 8న ఎన్నికైన పోపు పద్నాలుగవ లియో అన్న పేరు పెట్టుకోవడానికి ఈ విశ్వలేఖే ముఖ్య కారణమని స్వయంగా చెప్పారు. అదే ఏడాది అక్టోబరులో ఆయన పేరుమీద వచ్చిన మొదటి పెద్ద పత్రం ‘దిలెక్సీ తే’ కూడా పేదల మీది ప్రేమ గురించినదే.

దానధర్మాలు శ్రీసభకు కొత్త కావు. 1833లో పారిస్‌లో ఇరవై ఏళ్ల విద్యార్థి ఫ్రెడరిక్ ఓజనామ్ కొందరు స్నేహితులతో కలిసి పేదల ఇళ్లకు వెళ్లి రావడం మొదలుపెట్టాడు. సెయింట్ విన్సెంట్ డి పాల్ సంఘం అలా పుట్టింది. తెలుగు విచారణల్లోనూ (పారిష్‌లలోనూ) దాని శాఖలు పనిచేస్తున్నాయి. లియో లేఖ తెచ్చిన మార్పు వేరు. దయతో ఇచ్చేదానికీ బాకీగా ఇచ్చేదానికీ మధ్య అది గీత గీసింది. 1889లో లండన్ రేవు కూలీల సమ్మెలో ముసలి కార్డినల్ మానింగ్ మధ్యవర్తిగా నిలబడి వాళ్లకు కూలి పెరిగేలా చూశాడు. కార్డినల్ స్థాయి మనిషి రేవు కూలీల రేటు మాట్లాడటమేమిటని అప్పట్లో చాలామంది ముక్కున వేలేసుకున్నారు. రెండేళ్ల తర్వాత వచ్చిన విశ్వలేఖ ఆ పనికి శాస్త్రం రాసిపెట్టింది.

ఆ గీత తర్వాత దాదాపు తొంభై ఏళ్లలో చాలా దూరం సాగింది. 1931లో పదకొండవ పయస్, 1967లో ఆరవ పాల్ రాసిన లేఖలు కార్మికుడి నుంచి పేద దేశాల దాకా విషయాన్ని పెంచాయి. 1968లో కొలంబియాలోని మెడెలిన్‌లో సమావేశమైన లాటిన్ అమెరికా పీఠాధిపతులు తమ దేశాల పేదరికం వెనక వ్యవస్థే అన్యాయంగా ఉందన్నారు. ఆ దారిలో మాట్లాడిన సాన్ సాల్వడోర్ అగ్రపీఠాధిపతి ఆస్కార్ రొమేరోను 1980 మార్చి 24న పూజ చేస్తుండగా కాల్చిచంపారు. తెలుగు శ్రీసభకు వీటన్నిటికంటే సూటిగా తగిలేది మాత్రం 1971లో రోములో జరిగిన పీఠాధిపతుల సినడ్ పత్రం. న్యాయం గురించి నలుగురికీ చెప్పేవాళ్లు ముందు ఆ నలుగురి కళ్లకు న్యాయంగా కనబడాలని అందులో ఉంది. శ్రీసభ సంస్థల్లో పనిచేసేవారికి, గురువులకూ సిస్టర్లకూ సహా, బతకడానికి చాలినంత ఆదాయం, సామాజిక భద్రత ఉండాలని, గృహస్థులైన ఉద్యోగులకు న్యాయమైన జీతం, పదోన్నతి ఇవ్వాలని అదే పత్రం స్పష్టంగా రాసింది. దాన్ని ఉదహరించేవారు తక్కువ. కారణం ఊహించడం కష్టం కాదు.

ఈ దేశంలో ఆ బోధన మట్టి అంటుకున్న చోటు ఛోటానాగపూర్. 1885లో బెల్జియం జెస్యూట్ కాన్‌స్టంట్ లేవెన్స్ ఇప్పటి జార్ఖండ్‌లోని తోర్పాకు వచ్చేసరికి ముండా, ఉరావ్ రైతులు తాతలనాడు తాము అడవి కొట్టి సాగులోకి తెచ్చుకున్న భూముల్లోనే కౌలుదార్లుగా మారిపోయి ఉన్నారు. జమీందార్లు, ఠేకేదార్లు శిస్తు తమ ఇష్టం వచ్చినట్టు పెంచేవారు, వెట్టి సరేసరి. లేవెన్స్ ముండారీ భాషతోపాటు భూమి చట్టాలు కూడా నేర్చుకున్నాడు. ఏ శిస్తు చట్టబద్ధమో, ఏ వెట్టి కాదో రైతులకు విడమర్చి చెప్పి కోర్టు కేసుల్లో వాళ్ల పక్కన నిలబడ్డాడు. ఊళ్లకు ఊళ్లు జ్ఞానస్నానం తీసుకున్నాయి. కేసుల కోసమే మతం మారారన్న విమర్శ ఆనాడే వచ్చింది, అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే మరో నిజమూ ఉంది. ఆ రైతులకు అప్పటిదాకా కోర్టు గుమ్మంలో తోడు నిలిచిన చదువుకున్నవాడు దాదాపుగా లేడు.

క్షయ సోకిన లేవెన్స్ ఈ దేశం విడిచివెళ్లి 1893లో కన్నుమూశాడు. ఆయన తర్వాత అక్కడ పనిచేసిన జర్మన్ జెస్యూట్ జాన్ బాప్టిస్ట్ హాఫ్‌మన్‌కు కేసులు గెలిస్తే చాలదని అర్థమైంది. గెలిచిన భూమి మళ్లీ షావుకారు అప్పు కిందే పోతోంది. బిర్సా ముండా తిరుగుబాటు 1900లో అణగారిపోయాక ప్రభుత్వం భూమి చట్టం గురించి ఆలోచించక తప్పలేదు. ముండాల ఖూంట్‌కట్టీ పద్ధతి, అంటే అడవి నరికి ఊరు కట్టిన వంశానికే ఉమ్మడిగా భూమి చెందే ఆచారం గురించి హాఫ్‌మన్ రాసిచ్చిన వివరాలు 1908 నాటి ఛోటానాగపూర్ కౌలు చట్టానికి పనికొచ్చాయి. ఆదివాసీ భూమి బయటివాళ్ల చేతికి పోకుండా అడ్డుకట్ట వేసిన ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది.

మరుసటి ఏడాది, 1909లో, ఆయన ఛోటానాగపూర్ కతోలిక సహకార పరపతి సంఘం పెట్టాడు. తెలుగు పల్లెల్లో పొదుపు సంఘం తెలియని ఆడవాళ్లు లేరు కాబట్టి దాని లెక్క వివరించడం తేలిక: సభ్యులు చిల్లర చిల్లరగా దాచుకుంటారు, ఆ సొమ్ములోంచే విత్తనాలకో ఎద్దులకో తాకట్టు విడిపించుకోవడానికో తక్కువ వడ్డీకి అప్పు తీసుకుంటారు, ఎగ్గొడితే పక్కింటివాడి సొమ్ము ఎగ్గొట్టినట్టే. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. జర్మనీ మనిషి కాబట్టి హాఫ్‌మన్‌ను 1915లో ఆంగ్ల ప్రభుత్వం దేశం దాటించింది. సంఘం ఆగలేదు, నూరేళ్ల పండుగ కూడా చేసుకుంది. డబ్బు ఆయనది కాదు, సభ్యులది. ఆయన పోతే పోయేది అందులో ఏదీ లేదు. కతోలిక సేవాసంస్థలన్నిటినీ కొలవడానికి ఇంతకంటే మంచి కొలత దొరకడం కష్టం: పెట్టినవాడిని రేపు పడవెక్కించి పంపేస్తే మిగిలేదేమిటి?

కేరళ తీరం ఈ కొలతకు బాగా నిలుస్తుంది. తిరువనంతపురం పీఠాధిపతి పీటర్ బెర్నార్డ్ పెరీరా చొరవతో 1960లలో మరియనాడులో మత్స్యకారుల కాలనీ ఏర్పడింది. ఇళ్లు కట్టడంతోనే పని ముగిసి ఉంటే అది మరో ధర్మకార్యంగా మిగిలేది. అక్కడ పనిచేసిన యువ కార్యకర్తలు మత్స్యకారుల అప్పుల లోతు చూశారు. వలకో పడవకో అప్పిచ్చిన దళారి అసలు అడగడు, వడ్డీ కూడా అడగడు; పట్టిన చేప తనకే అమ్మాలంటాడు, ధర తానే కడతాడు. ఆ ముడి విప్పాలంటే వేలం మత్స్యకారుల చేతికి రావాలి. గట్టున వేలం తామే వేసుకుని, అమ్మిన సొమ్ములోంచే అప్పు తీర్చి, కొంత పొదుపు చేసే సహకార సంఘం అక్కడ నిలదొక్కుకుంది. అలాంటి సంఘాలన్నీ కలిసి 1980లో దక్షిణ భారత మత్స్యకార సంఘాల సమాఖ్యగా ఏర్పడ్డాయి.

అదే తీరంలో రెడెంప్టరిస్ట్ గురువు థామస్ కోచేరి యూనియన్ దారి పట్టాడు. మరపడవల ట్రాలింగ్ వానాకాలంలో గుడ్లతో ఉన్న చేపను ఊడ్చేస్తోందని, నాటుపడవల వాళ్లకు ఏమీ మిగలడం లేదని 1980లంతా కేరళలో ఉద్యమం నడిచింది. గురువులు, సిస్టర్లు నిరాహారదీక్షలకు కూర్చున్నారు. శ్రీసభ పెద్దలందరికీ ఇది రుచించలేదు. మరపడవల యజమానుల్లోనూ కతోలికులున్నారు మరి. 1988లో ప్రభుత్వం వానాకాలపు ట్రాలింగ్‌ను నిషేధించింది. ఈనాడు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అమలయ్యే 61 రోజుల వేట విరామం తెలుగు మత్స్యకారులకు తెలిసిన విషయమే. అలాంటి విరామాల వెనక ఉన్న వాదాన్ని దేశమంతా వినేలా చేసినవాళ్లలో ఆ కేరళ ఉద్యమకారులూ ఉన్నారు.

తెలుగు నేల మీద శ్రీసభ పేదల కోసం చేసిన పనిలో వైద్యానిది పెద్ద పాలు. ఆస్ట్రేలియాలో డాక్టరుగా మంచి పేరు తెచ్చుకున్న మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జేసు మరియ జోసఫ్ సిస్టర్ల సభలో చేరింది. సిస్టరు వైద్యం చేయడానికి అప్పటి శ్రీసభ చట్టం ఒప్పుకోదు. ఆమెకు రోము ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఆ అడ్డు అందరికీ తొలగడానికి 1936 దాకా పట్టింది. మగ డాక్టరు ముందుకు రాలేని ఆడవాళ్లు, పురిట్లో పోయే తల్లులు, తెల్లారేసరికి కన్నుమూసే పసికందులు, వీళ్ల కోసం మొదలైన చిన్న డిస్పెన్సరీ గుంటూరు సెయింట్ జోసఫ్స్ ఆసుపత్రిగా పెరిగింది. ఆమె ముందుచూపు మరొకచోట కనిపిస్తుంది. ఒక్క డాక్టరు ఎన్ని ఊళ్లు తిరిగినా చాలదని గ్రహించి స్థానిక స్త్రీలకు మందులు ఇవ్వడం, కాన్పులు చేయడం, రోగిని చూసుకోవడం నేర్పింది. 1943లో ఆమె మొదలుపెట్టిన కతోలిక ఆసుపత్రుల సంఘం ఇప్పుడు దేశమంతా వేలాది ఆసుపత్రులు, డిస్పెన్సరీలతో సికింద్రాబాద్ కేంద్రంగా నడుస్తోంది.

అనంతపురం కథ కొంచెం పక్కదారిది, కానీ వదలకూడనిది. స్పెయిన్ జెస్యూట్ విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతులను కూడగట్టి బావులు తవ్వించాడు. ఆ పలుకుబడి కంటగింపై 1968లో ఆయన్ను దేశం వదలమన్నారు. వేలాది మంది రైతులు ఆయన తరఫున కదిలారు. 1969లో ఆయన అనంతపురం చేరాడు. మరుసటి ఏడాదే జెస్యూట్ సభ వదిలాడు కాబట్టి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును శ్రీసభ తన ఖాతాలో రాసుకోలేదు. అయినా ఆయన పనితీరు ఆ సభలో నేర్చుకున్నదే. దళితవాడల్లో పక్కా ఇళ్లు, బడులు, బత్తలపల్లి ఆసుపత్రి ఆ జిల్లా రూపాన్నే మార్చాయి. 2009లో ఆయన పోయాక కూడా పని సాగింది. కానీ సంస్థకు స్పెయిన్ దాతల సొమ్మే ఊపిరి. 2025లో విదేశీ విరాళాల అనుమతి పునరుద్ధరణ ఆగినప్పుడు జిల్లా అంతా కలవరపడటం చూస్తే, హాఫ్‌మన్ ఎదుర్కొన్న ప్రశ్న నూట పదేళ్ల తర్వాత మళ్లీ వచ్చిందని తెలుస్తుంది.

ఆ ప్రశ్న ఇప్పుడు ప్రతి మేత్రాసనపు (డయోసిస్) సాంఘిక సేవా సంఘానికీ వర్తిస్తుంది. 2020లో సవరించిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ సొమ్ము ముందుగా న్యూఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంకు శాఖకు చేరాలి. ఒక సంస్థ అందుకున్నదాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పాలనా ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గాలి. పెద్ద సంస్థ అందుకుని పల్లెల్లోని చిన్న సంస్థలకు పంచే పాత దారి దీంతో మూసుకుపోయింది. ఈ చట్టం ఉద్దేశాల గురించి శ్రీసభ చెప్పే అభ్యంతరాలు కొట్టిపారేయదగ్గవి కావు. అదే సమయంలో, అరవై డెబ్బై ఏళ్లు యూరప్ నుంచి డబ్బు వస్తున్నప్పుడు ఎన్ని విచారణల్లో సభ్యుల సొమ్ముతో నడిచే సంఘాలు నిలబడ్డాయన్న లెక్క కూడా అడగదగ్గదే.

న్యాయం కోసం మాట్లాడితే ఏమవుతుందో ఇటీవలి చరిత్రలో ఉంది. రాంచీలో ఆదివాసీల భూమి హక్కుల కోసం, విచారణ ఖైదీలుగా మగ్గుతున్న యువకుల కోసం పనిచేసిన జెస్యూట్ స్టాన్ స్వామిని 2020 అక్టోబరు 8న భీమా కోరేగావ్ కేసులో ‘ఊపా’ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద అరెస్టు చేశారు. 83 ఏళ్ల వయసు, పార్కిన్సన్ వ్యాధి, గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకు. నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ కోసం కోర్టును అడగాల్సి వచ్చింది. నేరం రుజువు కాకుండా, బెయిలు రాకుండా 2021 జులై 5న ముంబైలో మరణించాడు. హాఫ్‌మన్ సాయంతో వచ్చిన 1908 చట్టాన్ని కాపాడుకోవాలన్నదే ఆయన జీవితకాలపు వాదంలో ముఖ్య భాగం.

ఇక కులం. తెలుగు కతోలికుల్లో మాల, మాదిగ కుటుంబాలదే పెద్ద సంఖ్య. పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రెంచి జెస్యూట్ల కాలం నుంచే కతోలికులైన రెడ్డి, కమ్మ కుటుంబాలు గుంటూరు వైపు పల్లెల్లో ఉన్నాయి. ఒకే బలిపీఠం, ఊళ్లో రెండు వాడలు. రాజ్యం ఈ విషయంలో చేసిన అన్యాయం గురించి శ్రీసభ గట్టిగానే మాట్లాడుతోంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులోని మూడో పేరా షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది, క్రైస్తవులకు, ముస్లింలకు రాలేదు. తెలుగు రాష్ట్రాల్లో మతం మారిన దళితులకు బీసీ–సీ కింద 1 శాతం రిజర్వేషన్ మిగిలింది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతానికీ ఈ హోదాకూ ముడి తెంచమంది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. ఏటా ఆగస్టు 10ని శ్రీసభ నల్లదినంగా పాటిస్తుంది.

ఈ వాదానికి ఒక ఇబ్బంది ఉంది, అది లోపలిది. మతం మారినా కులం పోలేదని కమిషన్ల ముందు నిరూపించాలంటే శ్రీసభే సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం తన మీదే. తమిళనాడులోని ఎరయూరులో దళిత కతోలికులు వేరే గుడి, వేరే విచారణ కావాలని అడగడంతో 2008 మార్చిలో గొడవలు రేగి, పోలీసు కాల్పుల్లో ఇద్దరు పోయారు. సమాధుల తోటలో కూడా గోడ ఉన్న ఊళ్లు ఆ రాష్ట్రంలో ఉన్నాయి. 2003లో రెండవ జాన్‌పాల్ తమిళ పీఠాధిపతులతో మాట్లాడుతూ కులపు పట్టింపు ఏ రూపంలో ఉన్నా తప్పేనన్నారు. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారతపై ఒక విధానపత్రం తెచ్చి, నాయకత్వంలో దళితుల పాలు వాళ్ల సంఖ్యకు చాలా తక్కువని తనంతట తానే ఒప్పుకుంది. ఒప్పుకోలు వరకు నిజాయితీగా ఉంది. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని కార్డినల్ అయ్యారు: తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్. ఆ ఎర్రటోపీ కోసం దళిత కతోలికులు చాలా తరాలు ఎదురుచూశారు. ఆ గౌరవం ఒక్కరి దగ్గర ఆగకుండా గురుకుల (సెమినరీ) ప్రవేశాల్లో, సంస్థల కరస్పాండెంట్ పదవుల్లో, ఆర్థిక మండళ్లలో ఎంతవరకు దిగివచ్చిందో చెప్పే లెక్కలు మాత్రం విచారణల దాకా రావు.

బడుల సంగతి ఇంకా తేటగా కనిపిస్తుంది. విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వమంటుంది. 2014 మే 6న సుప్రీంకోర్టు ప్రమతి ట్రస్టు కేసులో మైనారిటీ బడులకు ఈ చట్టం వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరులో ఇంకో ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తంచేసి విషయాన్ని విస్తృత ధర్మాసనానికి నివేదించింది. మైనారిటీ సంస్థల స్వయంప్రతిపత్తిని కాపాడుకోవడం శ్రీసభ హక్కు, అందులో తప్పేమీ లేదు. కానీ రాజ్యాంగం ఆ హక్కు ఇచ్చింది ఆ మైనారిటీ పిల్లల చదువు కోసం. పట్టణాల్లోని పేరున్న ఇంగ్లీషు మీడియం కాన్వెంటు ఫీజు, బీసీ–సీ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగే కూలి కుటుంబానికి అందుతుందా అన్నది న్యాయస్థానం తేల్చే విషయం కాదు. చట్టం బలవంతపెట్టని ఆ 25 శాతాన్ని స్వచ్ఛందంగా పాటించే అధికారం పూర్తిగా పీఠాధిపతుల చేతుల్లో ఉంది.

జీతాల విషయమూ అంతే. ఏ మతం సంస్థ అయినా, ఏ మతం లేని సంస్థ అయినా, ప్రైవేటు బడి టీచరుకూ ప్రైవేటు ఆసుపత్రి నర్సుకూ ఇచ్చేది ఎంతో తెలుగు ప్రజలకు తెలుసు. కతోలిక సంస్థలు మార్కెట్ రేటు ఇస్తున్నామని చెప్పుకోవడానికి వీల్లేదు. మార్కెట్ రేటుకు ఒప్పుకున్నంత మాత్రాన అది న్యాయం కాదని 1891లో చెప్పింది వాళ్ల పోపే. ఆయా, వంటమనిషి, వాచ్‌మన్, స్వీపర్, ఉపదేశి: ఈ అయిదుగురి జీతం చూస్తే చాలు, విశ్వలేఖ ఆ ఆవరణలోకి వచ్చిందో గేటు బయటే ఆగిందో తెలుస్తుంది. చాలాచోట్ల ఉపదేశికి ఇచ్చేదాన్ని జీతం అనడం కూడా కష్టమే. అతని పేరుమీద ప్రావిడెంట్ ఫండ్ ఖాతా ఉందా అని అడిగితే నవ్వు తప్ప జవాబు రాదు.

ఈ లేఖ కోరేవి కొన్నే, వాటిలో ఏదీ కొత్త సిద్ధాంతం కాదు. ప్రతి మేత్రాసనం తన సంస్థల్లో ఏ ఉద్యోగానికి ఎంత జీతమో, పీఎఫ్, ఈఎస్ఐ ఎందరికి ఉన్నాయో బయటపెట్టాలి. బడుల్లో ఉచిత సీట్ల సంఖ్య, అవి పొందిన పిల్లల్లో బీసీ–సీ కుటుంబాలవాళ్లు ఎందరో చెప్పాలి. 2016 విధానపత్రం కింద గురుకులాల్లో, మండళ్లలో, పదవుల్లో ఏడాదిలో వచ్చిన మార్పు అంకెల్లో చూపాలి. విదేశీ సొమ్ముతో నడిచే పథకాల్లో ఏవి సభ్యుల పొదుపు మీద నిలబడగలవో గుర్తించి, వాటి లెక్కల పుస్తకం ఆ ఊరి ఆడవాళ్ల చేతికి ఇవ్వాలి.

ఈ లెక్క చదవడానికి కొత్త రోజు వెతకక్కర్లేదు. నవంబరు రెండో ఆదివారాన్ని దేశంలోని శ్రీసభలు దళిత విమోచన ఆదివారంగా పాటిస్తున్నాయి. పోపు ఫ్రాన్సిస్ నెలకొల్పిన ప్రపంచ పేదల దినం 2017 నుంచి అదే నెల మధ్యలో వస్తోంది; కొన్ని ఏళ్లలో రెండూ ఒకే ఆదివారం పడతాయి. ఆ రోజు పూజ అయ్యాక పెళ్లి ప్రకటనలు చదివే చోటే, అందరికీ అర్థమయ్యే తెలుగులో, ఆ మేత్రాసనపు జీతాల పట్టిక, సీట్ల లెక్క చదివించి, దాని ప్రతిని గుడి తలుపుకు అంటించాలి.